ఇండిపెండెంట్ స్కూల్లో డేటా, సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్

ఇంగ్లండులో ప్రభుత్వ నిధులపై ఆధారపడకుండా, ప్రధానంగా ఫీజులతో నడిచే బడులను ఇండిపెండెంట్ స్కూళ్లు అంటారు. అక్కడి పిల్లల్లో 6 నుంచి 7 శాతం వీటిలో చదువుతారు. ఇలాంటి బడిలో ప్రతి విద్యార్థి వివరాలనూ సేకరించి, సరిచూసి, అవసరమైనవారికే అందేలా కాపాడే ఉద్యోగి డేటా, సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్. ఈ ఉద్యోగి పాఠం చెప్పరు. అయినా ఏ బిడ్డకు వేరుశనగ పడదో వంటగదికి తెలియాలన్నా, విడిపోయిన తల్లిదండ్రులిద్దరికీ ప్రోగ్రెస్ రిపోర్టు చేరాలన్నా, ఫలానా వ్యక్తి పిల్లవాణ్ని తీసుకెళ్లకూడదన్న కోర్టు ఉత్తర్వు గేటు దగ్గర అమలు కావాలన్నా ఆధారం ఆయనో ఆమో నిలబెట్టిన రికార్డే.

పనిముట్లు

ఈ కొలువుకు కేంద్రం ఎం.ఐ.ఎస్. అని పిలిచే డేటాబేస్. ఇలాంటి డేటాబేసుల్లో ప్రసిద్ధమైన సిమ్స్‌కు 1980ల ఆరంభంలో బెడ్‌ఫర్డ్‌షైర్‌లో నాంది పలికినవాడు ఫిలిప్ నీల్ అనే ఉపాధ్యాయుడు. అది క్రమంగా ప్రభుత్వ బడుల్లో విస్తరించింది. ఇండిపెండెంట్ స్కూళ్లలో ఐసామ్స్ వంటివి ఎక్కువగా కనిపిస్తాయి. ఎందుకంటే ప్రవేశ పరీక్షలు, హాస్టలు, ఫీజు బిల్లులు, పూర్వ విద్యార్థుల వివరాలు కూడా ఈ బడులకు ముఖ్యం.

డేటాబేస్ ఒంటరిగా పనిచేయదు. ఒక విద్యార్థి గణితంలో సెక్షన్ మారితే ఆ మార్పు టైంటేబుల్‌కు, టీచరు హాజరుపట్టీకి, ఆన్‌లైన్ హోంవర్కు ఖాతాకు, తల్లిదండ్రుల పోర్టల్‌కు చేరాలి. ఎక్కడో ఒక లంకె తెగితే పిల్లవాడికి పాత సెక్షన్ హోంవర్కే కనిపిస్తుంటుంది. ఆ తెగిన చోటు వెతికి పట్టుకోవడం అడ్మినిస్ట్రేటర్ రోజువారీ పని.

ఏడాది పొడవునా

జనవరి మూడో గురువారం నాటి లెక్కలతో విద్యాశాఖకు వార్షిక గణన పంపాలి. ఇండిపెండెంట్ స్కూల్స్ కౌన్సిల్‌లో భాగమైన బడులు ఆ నెలలోనే కౌన్సిల్ గణనకూ వివరాలివ్వాలి. పదహారేళ్ల వయసులో రాసే వేసవి జి.సి.ఎస్.ఇ. పరీక్షల నమోదుకు సాధారణ గడువు ఫిబ్రవరి 21. పెద్ద బడుల్లో పరీక్షలకు విడిగా అధికారి ఉంటారు. చిన్న బడుల్లో అదీ ఈ ఉద్యోగి నెత్తినే పడుతుంది.

పిల్లలకు వేసవి సెలవులు వచ్చాయంటే అడ్మినిస్ట్రేటర్‌కు ఊపిరాడదు. అందరినీ పై తరగతికి మార్చాలి, వెళ్లిపోయినవారి ఖాతాలు మూయాలి, కొత్తవారివి తెరవాలి, కొత్త టైంటేబుల్ ఎక్కించాలి. ఆగస్టులో పద్దెనిమిదేళ్ల వయసులో రాసే ఎ-లెవెల్, ఆ మరుసటి వారం జి.సి.ఎస్.ఇ. ఫలితాలు వస్తాయి. ఇవి బడికి ఒక రోజు ముందే అందుతాయి. విద్యార్థులకు మాత్రం ప్రకటించిన రోజు వరకు చెప్పకూడదు. మార్కులు సర్వర్‌లో సిద్ధంగా ఉన్న ఆ రాత్రి గోప్యత కాపాడటం పెద్ద బాధ్యత.

చట్టం, పన్ను

2024 ఆగస్టు 19న అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ప్రవేశ, హాజరు రిజిస్టర్లను కంప్యూటర్‌లోనే నిర్వహించాలి, నమోదులను ఆరేళ్లు భద్రపరచాలి. డేటా రక్షణ చట్టాల కింద ఎవరైనా తమ వివరాలు చూపమని కోరితే సాధారణంగా నెల లోపు ఇవ్వాలి. వ్యక్తులకు ముప్పు తెచ్చే లీకేజీ జరిగితే, విషయం తెలిసిన 72 గంటల్లో సమాచార కమిషనర్ కార్యాలయానికి తెలపాలి.

2025 జనవరి 1 నుంచి ఈ బడుల ఫీజుపై 20 శాతం వ్యాట్ పడింది. చదువుకు, హాస్టలు వసతికి పన్ను ఉంది. పిల్లల భోజనానికి, రవాణాకు విడిగా బిల్లు వేస్తే లేదు. దాంతో ఫీజు పద్దులను మళ్లీ విడదీసుకోవలసి వచ్చింది.

భద్రత

సొంత సర్వర్‌కు ఎంత తాళం వేసినా, డేటా దాచిన కంపెనీ దగ్గర దొంగ పడితే బడి చిక్కుల్లో పడుతుంది. డేటా దాచే బ్లాక్‌బాడ్ అనే అమెరికా సంస్థ తనపై జరిగిన సైబర్ దాడిని 2020 మేలో గుర్తించింది. ఖాతాదారులకు ఆ కబురు జూలైలో గానీ అందలేదు. బ్రిటన్‌లోని విశ్వవిద్యాలయాలు, ధార్మిక సంస్థలతోపాటు కొన్ని బడుల సమాచారమూ ఆ దాడికి గురైనవాటిలో ఉంది.

ప్రమాదం లోపలి నుంచీ వస్తుంది. విద్యాసంస్థల్లో లోపలివారి వల్ల జరిగిన 215 ఉల్లంఘనలను పరిశీలించి, వాటిలో 57 శాతానికి విద్యార్థులే కారణమని సమాచార కమిషనర్ కార్యాలయం 2025లో వెల్లడించింది. టీచరు కాగితంపై రాసి పెట్టుకున్న పాస్‌వర్డు, తెరిచి వదిలేసిన ల్యాప్‌టాప్ చాలు. అందుకే ఎవరికి ఏ వివరం కనిపించాలో నిర్ణయించే అనుమతుల పట్టికను జాగ్రత్తగా కాపాడాలి. హాస్టలు పిల్లల బాధ్యత చూసే హౌస్‌మాస్టరుకు కావలసిన ఆరోగ్య వివరమంతా క్రీడా శిక్షకుడికి అక్కర్లేదు. ఆస్తమా ఉందన్న సంగతి మాత్రం ఆయనకు తెలిసి తీరాలి.

తెలుగు కుటుంబాలు గమనించవలసింది

మన పేర్లు ఈ డేటాబేసుల్లో తరచు తారుమారవుతాయి. ఇంటిపేరు ముందు రాసే అలవాటు, పొడి అక్షరాలు, పాస్‌పోర్టులో ఖాళీగా మిగిలిన ఇంటిపేరు గడి ఇందుకు కారణాలు. పరీక్షలకు మాత్రం గుర్తింపు పత్రంతో సరిపోలే పేరే ఇవ్వాలి, ధ్రువపత్రంపై అచ్చయ్యేది అదే. కాబట్టి పిల్లలను చేర్పించే రోజే పాస్‌పోర్టులోని పేరు ఉన్నదున్నట్టు, ఇంట్లో పిలిచే పేరు విడిగా రాసివ్వాలి. అత్యవసర సంప్రదింపు కోసం కనీసం ఇద్దరి ఫోన్ నంబర్లు ఇచ్చి, అవి మారిన రోజే బడికి తెలియజేయాలి.