తేయాకు పెట్టెయు చౌల్దారీ వానయు

దక్షిణ అండమానులో, 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టు బ్లేరునకు పడమటగా, చౌల్దారీ యను గ్రామము కలదు. ఆ పేరు వినగానే హిందుస్థానీ ఎరిగినవానికి చిన్న డేరా స్ఫురించును. డేరాలో కాపురమున్నవాని బాధ ఏదో ఆ ఊరి పక్కా యిండ్లలోని గృహిణులకును తెలియును. ఈ ద్వీపములకు రెండు ఋతుపవనములును వాన తెచ్చును. మే మాసమున మొదలయిన జల్లు డిసెంబరు వరకును పూర్తిగా విడువదు. ఏటికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షము. వాన లేనినాడును గాలిలో చెమ్మ తగ్గదు. ఉప్పుజాడీలో నీరూరును, అగ్గిపుల్ల ఎన్నిమారులు గీచినను మండదు, తోలు చెప్పులకు బూజు పట్టును. ఇట్టి ఇంటిలో ఎవరికిని తెలియకుండ చెడునది తేయాకు. పాలు విరిగినట్లు, అన్నము పులిసినట్లు అది తన చేటును చాటి చెప్పదు. రంగు అటులనే యుండును, ప్రాణము పోవును.

ఇందులకు కారణము ఆకు స్వభావములోనే యున్నది. తోటలోని కర్మాగారమున ఆరబెట్టి తీసినప్పుడు ఆకులో నూటికి మూడు పాళ్లకంటె ఎక్కువ నీరుండదు. అంతగా ఎండినది కనుకనే అది గాలిలోని తేమను దాహముగొన్నట్లు పీల్చును. ఆ తేమ నూటికి ఆరేడు పాళ్లకు చేరెనా, పరిమళము సన్నగిల్లి కషాయము చప్పబడును. తేమతోబాటు ఇరుగుపొరుగు వాసనలను గూడ ఆకు తనలోనికి తీసికొనును. చీనావారు ఈ గుణమును కనిపెట్టి, ఆకును మల్లెపూలతో కలిపియుంచి, ఆ సువాసనను దానికి పట్టించిరి. ఇంగువడబ్బా ప్రక్కను ఎండుచేపల బుట్ట ప్రక్కను ఉంచినప్పుడు ఆ గుణమే దోషమగుచున్నది.

చీనా వర్తకులు ఆకును సముద్రము దాటించుటకు కొయ్యపెట్టెల లోపల సీసపురేకు తొడిగి, అతుకులు పోసి మూసెడివారు. ఆ రేకు విషమని ఎరిగియో, ఎరుగకయో, ఆకునకును రేకునకును నడుమ కాగితము వేసెడివారు. మనదేశపు తేయాకు తొలి ప్రయాణములో ఈ మూత ఎంత ముఖ్యమో తెలిసివచ్చెను. 1837 కడపట అస్సాములో చార్లెస్ బ్రూస్ చేయించిన ఆకు 46 పెట్టెలలో కలకత్తాకు బయలుదేరినది. చేరునప్పటికే అందులో కొంత చెమ్మచే చెడిపోయినది. మంచిదానిని ఏరి, మరల కట్టి పంపగా, 1839 జనవరి 10వ తేదీన లండనులో 8 పెట్టెలు వేలము వేయబడెను. ఆ కొద్ది ఆకును జూచియే వర్తకులు అస్సాము అడవులపై ఆశ పెంచుకొనిరి.

ఆ ఆకు చేరిన ఇండ్లలో దానిని దాచు పద్ధతి వేరు. కాటీ యను మలయా తూనికనుండి ఇంగ్లీషువారి క్యాడీ యను పేరు పుట్టినది. పదునెనిమిదవ శతాబ్దమున ఆ పెట్టెకు తాళముండెను. తాళపుచెవి ఇల్లాలి చేతిలో నుండెను. నాడు తేయాకుపై పన్ను నూటికి నూటికిపైగా ఉండుటచే ఆకు వెలహెచ్చు సరకు; తాళము చెమ్మకు గాక పనివారికి భయపడి వేసినది. 1784లో పన్ను తగ్గించిన పిమ్మట తాళము క్రమముగా అలంకారమాత్రమైనది. 1826లో జాన్ హార్నిమన్ ఆకును ముందే తూచి, మూసిన పొట్లములలో అమ్మసాగెను. కల్తీకి జడిసిన జనులు దానిని ఆదరించిరి.

అండమానుకును తేయాకునకును సంబంధము రెండు విధములుగా కలిగినది. 1858లో ఖైదీల వలస నెలకొల్పిన దొరతనమువారు అడవి నరికించి, వరి, చెరకులతోబాటు తేయాకు, కాఫీ, కోకో మొక్కలను గూడ ఖైదీలచే వేయించి చూచిరి. ఆ తోటలు నిలువలేదు. నిలిచినది కొయ్య. 1883లో చాథమ్ ద్వీపమున కోతమిల్లు వెలసినది. ఇంతలో తేయాకు పెట్టెయు మారెను. బరువైన కొయ్యపెట్టెకు బదులు, పలుచని పొరలను జిగురుతో అంటించిన ప్లైవుడ్డు పెట్టె పందొమ్మిదవ శతాబ్ది చివర వాడుకలోనికి వచ్చినది. సీసమునకు బదులు పిమ్మట అల్యూమినియము రేకు వచ్చినది. సుమారు 50 సెంటీమీటర్ల చదరమున, 60 సెంటీమీటర్ల ఎత్తున, అంచులకు లోహపు పట్టీలు కొట్టిన ఆ పెట్టెను ఎరుగని రేవు లేదు. స్వతంత్ర భారతమున ప్రమాణముల సంస్థ తేయాకు పెట్టెల ప్లైవుడ్డునకు తన పట్టికలో 10వ సంఖ్య నిచ్చినదనిన, దాని ప్రాధాన్యము ఊహింపవచ్చును. పెట్టె చేయు కొయ్యకును జిగురునకును వాసన ఉండరాదు; ఉన్నచో ఆకు దానిని పట్టుకొనును.

అండమానులోని గర్జన్ చెట్లు ప్లైవుడ్డునకు పేరుగాంచినవి. బాంబూఫ్లాట్‌లో ఒక కర్మాగారము, మధ్య అండమానులోని బకుల్‌తలాలో మరియొకటి, లాంగ్ ఐలండులో ఇంకొకటి వెలసినవి. బకుల్‌తలా కర్మాగారము జయశ్రీ టీ సంస్థకు చెందినది. తేయాకు వర్తకునకు ద్వీపములోని కొయ్యతో ఏమి పని యని అడుగనక్కరలేదు. నాడు పెట్టె లేక ఆకు తోట దాటదు. ఎక్కడనో కొండలపై పండిన ఆకును తడినుండి కాచుటకు, తడిలో పెరిగిన మహావృక్షములు కూలినవి. ఆ వృక్షముల నీడలో జారవాలు మున్నగు ఆదిమజాతులవారు జీవించుచుండిరి. వారిని అడిగి ఎవరును చెట్టు కొట్టలేదు. షేఖర్ సింగ్ సమర్పించిన నివేదికను అంగీకరించి, 2002 మే 7వ తేదీన సుప్రీంకోర్టు కోతకు కట్టుబాట్లు విధించినది. కర్మాగారములు మూతపడినవి, పనివారు వీధిని బడిరి. ఆ నష్టమును తక్కువగా తలపరాదు. అయినను ఆ తీర్పు రాకున్నచో మిగులునది కొయ్యయు కాదు, అడవియు కాదు. తోటలవారు మాత్రము అప్పటికే పలుపొరల కాగితపు సంచులకు మారుచుండిరి.

ద్వీపవాసుల యింటిలో ఆ పెట్టెకు తావులేదు. వారికి కావలసినది పిడికెడు టీపొడిని కాచు డబ్బా. 2011 జనాభా లెక్కలలో ఈ ద్వీపములలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వచ్చిన బెస్తవారు వారిలో పెక్కుమంది. వారికిని తేయాకు నేటికిని పెద్ద భూమినుండి నీరు దాటియే రావలెను. పొట్లము విప్పిన దినమునుండి చెమ్మతో పోరు మొదలగును. అందుచే నెలకు సరిపడినంతకంటె ఎక్కువ కొనుట వ్యర్థము. డబ్బా లోహముదైనను గాజుదైనను మూత బిగువుగా నుండవలెను. గాజుదైన వెలుగు సోకని అరలో పెట్టవలెను. పెద్ద డబ్బాలో అడుగున నాలుగు చెంచాల పొడి మిగిలెనా, పైనున్న గాలియంతయు దానికి శత్రువే; దానిని చిన్న డబ్బాలోనికి మార్చుట మేలు. పొయ్యి ప్రక్కనుంచిన పొడి వెచ్చగా ఉండి చెడదని తలచువారు గలరు. కుండలోని ఆవిరి ముందుగా చేరునది అక్కడికే. తడిచెంచా ముంచరాదు. చెడిన పొడిని ఎండలో ఆరబెట్టినచో తేమ పోవచ్చును గాని, దానితో వెడలిన పరిమళము మరల రాదు.