పెర్ఫార్మెన్స్ టైర్ల ఎంపిక (రోడ్డు, ట్రాక్ వినియోగం)

పెర్ఫార్మెన్స్ టైరు అనగా వేగంలోను, మలుపులోను, బ్రేకు వేసినపుడును సాధారణ టైరు కంటే ఎక్కువ పట్టు ఇచ్చేటట్లు రూపొందించిన టైరు. సొంత కారును లేదా మోటారు సైకిలును రేసు ట్రాక్‌కు తీసుకువెళ్ళి, రుసుము చెల్లించి, పోటీ లేకుండా వేగంగా నడిపే రోజును ట్రాక్ డే అంటారు. ఒకే సెట్టు టైర్లను నిత్యం రోడ్డు మీదను, అప్పుడప్పుడు ట్రాక్ మీదను వాడదలచినవారికి ఎంపిక కష్టమైన పని. ట్రాక్ మీద మేలు చేసే గుణాలలో చాలా భాగం రోడ్డు మీద కీడు చేయడమే ఇందుకు కారణం. వికారాబాదు, తాండూరు ప్రాంతపు రోడ్లు దీనికి మంచి ఉదాహరణ.

వికారాబాదు - తాండూరు రోడ్ల స్వభావం

వికారాబాదు హైదరాబాదుకు పడమరగా సుమారు 75 కి.మీ. దూరంలో ఉన్నది. తాండూరు అక్కడికి ఇంకొక 40 కి.మీ. ఈ రెండు పట్టణాలు 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాదు జిల్లాలోనివి. మూసీ నది జన్మస్థానమైన అనంతగిరి కొండల మీది మలుపుల రోడ్డు కోసం సెలవు దినాలలో హైదరాబాదు నుండి కార్లు, పెద్ద మోటారు సైకిళ్ళు ఎక్కువగా వస్తాయి. అడవి నీడ వలన వాన వెలిసిన చాలాసేపటి వరకు కూడా ఈ మలుపులలో తడి, రాలిన ఆకులు ఉంటాయి.

తాండూరు పరిస్థితి వేరు. నాపరాయి గనులకు, బండల పాలిషింగ్ యూనిట్లకు, సిమెంటు కర్మాగారాలకు తాండూరు ప్రసిద్ధి. బరువైన లారీల రాకపోకల వలన రోడ్డు అంచులు విరిగి గుంతలు పడతాయి. బండల నుండి రాలిన చిన్న పలుకులు కత్తి అంచు వలె పదునుగా ఉంటాయి. రోడ్డు మీద పేరుకొన్న సున్నపురాతి పొడి తొలకరి చినుకులకు తడిసి, జారుడు పూతగా మారుతుంది. కంది పంటకు పేరు పొందిన ఇక్కడి నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది గనుక, దాని మీద వేసిన రోడ్డు కొన్నేళ్ళకే అలలు తిరుగుతుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ రేసు ట్రాక్ మీద కనిపించదు.

రబ్బరు మిశ్రమం, గాళ్ళు

టైరు పట్టు ముఖ్యంగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది. మొదటిది రబ్బరు మిశ్రమం. మెత్తని మిశ్రమం రోడ్డు పైని సూక్ష్మమైన గరుకుదనంలోకి ఒదిగి పట్టుకుంటుంది గాని త్వరగా అరుగుతుంది. పైగా ట్రాక్ కోసం చేసిన మిశ్రమం బాగా వేడెక్కిన తరువాతనే పూర్తి పట్టు ఇస్తుంది. చలికాలపు ఉదయం అనంతగిరి మొదటి మలుపు వద్ద అది ఇంకా చల్లగానే ఉంటుంది. ఖరీదైన టైరు కొన్నాను గదా అన్న ధైర్యంతో నడిపేవారు ఈ ఒక్క విషయాన్ని మరచిపోతారు.

రెండవది గాళ్ళు. గాళ్ళ పని పట్టు పెంచడమని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. పొడి నేల మీద గాళ్ళు లేని నున్నని టైరుకే పట్టు ఎక్కువ. గాళ్ళ పని నీటిని పక్కకు తోయడం. నీరు తొలగకపోతే టైరు నీటిపొర మీద తేలిపోయి, స్టీరింగు, బ్రేకు రెండూ పనిచేయవు. కొత్త రోడ్డు టైరులో గాళ్ళ లోతు సుమారు 7 నుండి 8 మి.మీ. ఉంటుంది. రోడ్డు అనుమతి ఉన్న ట్రాక్ టైర్లలో (వీటిని సెమీ స్లిక్ అంటారు) గాళ్ళు తక్కువ, లోతు కూడా తక్కువ. అవి సగం అరిగిన తరువాత జూలై నెల వానలో వాటితో వేగంగా ప్రయాణించడం ప్రాణాపాయం.

అమెరికా పద్ధతిలో టైరు మీద ముద్రించే ట్రెడ్‌వేర్ అంకె పోలికకు కొంత ఉపయోగపడుతుంది. అంకె తగ్గేకొద్దీ సాధారణంగా రబ్బరు మెత్తన. ఉదాహరణకు మిషెలిన్ కంపెనీ టైర్లలో రోడ్డుకు ఉద్దేశించిన పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కు ఈ అంకె 300, ట్రాక్ వైపు మొగ్గిన పైలట్ స్పోర్ట్ కప్ 2కు 180. ఈ అంకెను తయారీదారే నిర్ణయిస్తాడు కాబట్టి ఒక కంపెనీ అంకెను మరొక కంపెనీ అంకెతో పోల్చరాదు.

పోటీ ప్రపంచంలో కూడా ఒకే టైరుతో అన్నిటికీ సరిపెట్టుకొనే పద్ధతి లేకపోలేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పోటీలో కార్లన్నీ హాంకూక్ కంపెనీ వారి గాళ్ళున్న టైర్లనే వాడినవి. ఎండకు, వానకు అదే టైరు. (2024లో జరగవలసిన రెండవ పోటీ రద్దయినది.)

కొలతలు

205/55 ఆర్16 91వి అన్న ముద్రలో 205 టైరు వెడల్పు మి.మీ.లలో, 55 అనేది వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, 16 రిమ్ము వ్యాసం అంగుళాలలో, 91 అనగా ఒక్కొక్క టైరు 615 కిలోల వరకు మోయగలదని, వి అనగా గరిష్ఠ వేగం గంటకు 240 కి.మీ. అని అర్థం. ఈ టైరు పక్కగోడ ఎత్తు సుమారు 113 మి.మీ. అందం కోసం పెద్ద రిమ్ములు వేయించి 225/40 టైరు ఎక్కిస్తే ఆ ఎత్తు 90 మి.మీ.కు పడిపోతుంది. మలుపులో కారు చురుకుగా తిరుగుతుంది, నిజమే. కాని తాండూరు రోడ్డు మీద లారీ వెనుక నుండి హఠాత్తుగా కనిపించే గుంతలో పడినపుడు ఆ 23 మి.మీ. లేకపోవడం వలననే రిమ్ము వంగుతుంది, పక్కగోడ ఉబ్బుతుంది. పక్కగోడ ఉబ్బిన టైరును బాగుచేయడం కుదరదు, మార్చవలసినదే.

టైరు వయస్సు కూడా చూడవలెను. పక్కగోడ మీది నాలుగంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం.

ట్రాక్ వరకు ప్రయాణం

చెన్నై సమీపంలో ఇరుంగాట్టుకోట్టై వద్ద 1990లో ప్రారంభమైన 3.7 కి.మీ. ట్రాక్ దక్షిణ భారతదేశంలో ముఖ్యమైనది. వికారాబాదు నుండి అక్కడికి దాదాపు 700 కి.మీ. అనగా ట్రాక్ మీద నూరు కి.మీ. తిరగడానికి రానుపోను 1,400 కి.మీ. రోడ్డు ప్రయాణం. సెమీ స్లిక్ టైర్లతో బయలుదేరినవారు వాటి విలువైన రబ్బరులో చాలా భాగాన్ని జాతీయ రహదారి మీదనే అరగదీసుకుంటారు. కనుక ఏడాదికి రెండు మూడు ట్రాక్ డేలకు వెళ్ళేవారికి తడి పట్టు బాగా ఉన్న రోడ్డు పెర్ఫార్మెన్స్ టైరే తగినది. అంతకంటే ఎక్కువసార్లు వెళ్ళేవారు ట్రాక్ టైర్లను వేరే రిమ్ముల మీద ఉంచుకొని, అక్కడికి చేరిన తరువాత మార్చుకొనడం మేలు.

మోటారు సైకిళ్ళకు నడుమ గట్టి రబ్బరు, అంచులకు మెత్తని రబ్బరు ఉన్న టైర్లు దొరుకుతాయి. తిన్నని రహదారిలో నడుమభాగం త్వరగా అరగదు, మలుపులో వాలినపుడు అంచు పట్టు ఇస్తుంది. రెండు అవసరాలకు ఇవి బాగా కుదిరినవి.

గాలి

ట్రాక్ మీద టైరు వేడెక్కి లోపలి పీడనం పెరుగుతుంది. అందుచేత అనుభవజ్ఞులు ముందుగా కొంత గాలి తగ్గిస్తారు. అసలు ప్రమాదం ఆ తరువాత ఉన్నది. అలసిన మనిషి తిరిగి గాలి నింపకుండా ఇంటిదారి పడితే, తక్కువ గాలితో పక్కగోడ అదే పనిగా నలిగి, వేడెక్కి, రహదారి మీద పేలిపోవచ్చును. మే నెలలో తాండూరు ఎండకు ఈ ముప్పు మరింత ఎక్కువ. గాలి కొలత ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నపుడే, అంటే ఉదయం బయలుదేరక ముందే చూడవలెను. ఉష్ణోగ్రత సుమారు 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే పీడనం ఒక పీఎస్ఐ పెరుగుతుంది. నైట్రోజన్ నింపితే ఈ లెక్క మారిపోతుందని చెప్పేవారున్నారు గాని, మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే.

నిబంధనలు

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం గాళ్ళ లోతు కార్లకు 1.6 మి.మీ., ద్విచక్ర వాహనాలకు 0.8 మి.మీ. కంటే తగ్గరాదు. భారతదేశంలో అమ్మే కార్ల టైర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిపై ఆంక్షలు విధించింది.

వికారాబాదుకు చేరువలోనే, సదాశివపేట వద్ద ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారం ఉన్నది. తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో కర్మాగారం 2020లో ఉత్పత్తి ప్రారంభించింది.

సాధారణ మోటారు బీమా పాలసీలు రేసులను, వేగ పరీక్షలను మినహాయిస్తాయి కాబట్టి, ట్రాక్ డేకు వెళ్ళేముందు పాలసీ షరతులు చదువుకొనవలెను. అనంతగిరి మలుపులైనా, మరే ప్రజా రహదారి అయినా, అక్కడ పందెం వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను క్రింద నేరం.