తరిగిపోయే నేలను కొలవడం: ఇంగ్లండ్ ఫెన్స్ అనుభవం

వ్యవసాయ చరిత్రలో భూవిస్తీర్ణాన్ని తెలిపే అంకెలు మీకు తరచుగా ఎదురవుతాయి. అవి స్థిరమైనవని మనం భావిస్తాం. పీట్ నేలల విషయంలో అలా భావించడం సరికాదు.

నీరు నిలిచిన చోట మొక్కల అవశేషాలు పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లపాటు పేరుకుంటే పీట్ ఏర్పడుతుంది. దీనిని సేంద్రియ నేల అని కూడా అంటారు. రసాయన ఎరువులు వాడని సేంద్రియ సాగుకు, ఈ పేరుకు సంబంధం లేదని గమనించండి.

తూర్పు ఇంగ్లండ్‌లోని ఫెన్స్ అనే చిత్తడి ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1630ల్లో బెడ్‌ఫర్డ్ ప్రభువు, మరికొందరు పెట్టుబడిదారులు అక్కడి నీటిని బయటికి మళ్లించే పని చేపట్టారు. డచ్ ఇంజనీరు కార్నీలియస్ వెర్ముయ్‌డెన్ కాలువలు తవ్వించాడు. చేపలు, నీటిపక్షులు, రెల్లు ఆధారంగా బతికే స్థానికులు ప్రతిఘటించినా పని చివరికి ముందుకు సాగింది. నీరు పోవడంతో పీట్ కుంగింది. గాలి సోకి కుళ్లి, కార్బన్ డయాక్సైడ్‌గా మారి తరిగింది. పొలాలు కాలువల కంటే పల్లమయ్యాయి. అందుకే మొదట గాలిమరలు, 19వ శతాబ్దంలో ఆవిరి యంత్రాలు అవసరమయ్యాయి. నీటిని తోడేకొద్దీ నేల మరింత కుంగింది.

దీనికి సాక్ష్యం హోమ్ ఫెన్‌లోని ఇనుప స్తంభం. సమీపంలోని విటిల్సీ మియర్ సరస్సును ఎండగట్టిన 1851 ప్రాంతంలో, పై అంచు నేలమట్టంగా ఉండేట్లు దానిని పాతారు. నేడు అది దాదాపు 4 మీటర్ల ఎత్తున కనిపిస్తుంది. స్తంభం పైకి లేవలేదు, చుట్టూ ఉన్న నేల దిగిపోయింది.

ఇటువంటి నేల విస్తీర్ణాన్ని అంచనా వేయడంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది నిర్వచనం. లోతైన పీట్ అనడానికి ఇంగ్లండ్‌లో చాలాకాలం సాధారణంగా 40 సెంటీమీటర్ల మందం చూసేవారు, స్కాట్లాండ్‌లో 50 సెంటీమీటర్లు. 45 సెంటీమీటర్ల పొర ఒకచోట లెక్కలోకి వస్తుంది, మరోచోట రాదు. రెండవది కాలం. పొర పలచబడి, దున్నినప్పుడు అడుగు బంకమట్టితో కలిసిపోతే, ఆ పొలం పాత పటంలో పీట్‌గానే మిగిలినా నేలపై అది పీట్ కాదు.

ఈ తేడా పటానికే పరిమితం కాదు. పాత పటాన్ని నమ్మితే పొలాల నుంచి వెలువడే కార్బన్‌ను ఎక్కువగా లెక్కిస్తాం. పలచని పొరలను వదిలేస్తే తక్కువగా లెక్కిస్తాం, ఎందుకంటే అవీ కార్బన్‌ను వదులుతూనే ఉంటాయి. ఏ పొలంలో నీటిమట్టాన్ని తిరిగి పెంచాలి, ఏ రైతు పంట మార్చుకోవాలి అనే నిర్ణయాలు ఈ లెక్కపైనే ఆధారపడతాయి.

కాబట్టి పీట్ విస్తీర్ణాన్ని తెలిపే అంకె కనిపించినప్పుడు, ఎప్పుడు కొలిచారు, ఎంత మందాన్ని పీట్‌గా లెక్కించారు అని ముందుగా ప్రశ్నించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒకే ప్రాంతపు పీట్ విస్తీర్ణానికి రెండు వేర్వేరు అంకెలు ఉంటే, రెండూ సరైనవే కావచ్చా? కారణాలు రాయండి.