ఎంత తీశామన్నది కాదు, ఎంత మిగిల్చామన్నది

క్రోన్స్ జబ్బుకు కత్తి పట్టిన ప్రతి సర్జన్‌కూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. చెడిన పేగు తీసేసి, మంచి కొసలు రెండూ కలిపి కుట్టినా, జబ్బు చాలాసార్లు ఆ కుట్టు పక్కనే, చిన్నపేగు వైపున మళ్లీ మొదలవుతుంది.

1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి నుంచి క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ 14 మంది రోగుల గురించి రాసినప్పుడు, కోసేస్తే నయమవుతుందన్న ధీమా ఉండేది. తర్వాత కొందరు జబ్బు భాగాన్ని లోపలే వదిలి, పేగుకు పక్కదారి కట్టారు. 1956లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు చేసింది అదే. వదిలేసిన పేగులో జబ్బు ఆరలేదు, కొందరికి క్యాన్సర్ కూడా వచ్చింది. దాంతో ఆ పద్ధతి మూలపడింది.

మరికొందరు అంచులు దాటి బారెడు పేగు తీశారు. 1996లో క్లీవ్‌లాండ్‌లో ఫాజియో బృందం 2 సెంటీమీటర్ల అంచునూ, 12 సెంటీమీటర్ల అంచునూ పోల్చి చూస్తే, ఎక్కువ తీసినందువల్ల ఒరిగిందేమీ లేదని తేలింది.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. పేగు టీబీ మా తరం పీజీలు రోజూ చూసే కేసే. టీబీ వల్ల ఇరుకైన చోట పేగు తీసేయకుండా, నిలువుగా కోసి అడ్డంగా కుడితే దారి వెడల్పవుతుందని 1977లో కటారియా, ఆయన సహచరులు రాశారు. ఆక్స్‌ఫర్డ్‌లో లీ 1982లో దాన్నే క్రోన్స్‌కు వాడి చూపించారు.

జపాన్ సర్జన్ తోరు కోనో 2003లో కుట్టు తీరునే మార్చారు. రెండు కొసలనూ వెనక స్తంభంలా కలిపి కుట్టి, మెసెంటరీకి (పేగును పట్టి ఉంచే పొరకు) ఎదురు వైపున కొత్త ద్వారం తెరుస్తారు. నేపుల్స్‌లో జరిపిన పోలికలో ఆరు నెలలకు ఎండోస్కోపీలో జబ్బు తిరగబెట్టినట్టు కనిపించింది 22 శాతం మందిలోనే. మామూలు కుట్టు వేసినవారిలో 63 శాతం. మెసెంటరీని కూడా కోసేస్తే మేలని 2018లో ఐర్లండ్ నుంచి ఆశ పుట్టింది. 2024లో నెదర్లాండ్స్ సర్జన్ల ట్రయల్‌లో అది నిలవలేదు.

కోత పెంచి గెలిచినవాళ్లు లేరు. అందుకే మా పీజీలకు చెబుతుంటాను: ఆపరేషన్ నోట్‌లో తీసిన పేగుతో పాటు మిగిలిన పేగు పొడవూ కొలిచి రాయండి. ఆరు నెలలకు కొలనోస్కోపీ రాయండి, సిగరెట్ మాన్పించండి. రెండోసారి కడుపు తెరిచే సర్జన్ మొదట వెతికేది మిగిలిన పేగు కొలతనే.