తెరిచి ఉంచిన మూడు తలుపులు

అమెరికాలోని లీహై యూనివర్సిటీ హాస్టల్లో తాళం పడి ఉండాల్సిన మూడు తలుపులు ఆ రాత్రి తెరిచే ఉన్నాయి. స్నేహితుల రాకపోకలకు వీలుగా ఉంటుందని పిల్లలు వాటికి పిజ్జా డబ్బాలు అడ్డం పెట్టారు. 1986 ఏప్రిల్ 5 తెల్లవారుజామున ఆ దారినే అదే యూనివర్సిటీ విద్యార్థి ఒకడు లోపలికి వచ్చాడు. గదిలో నిద్రపోతున్న 19 ఏళ్ల జీన్ క్లేరీపై అత్యాచారం చేసి ప్రాణం తీశాడు.

అమెరికా క్యాంపస్‌లకు కాపలా కొత్తేమీ కాదు. 1894లోనే యేల్ యూనివర్సిటీ ఇద్దరు పోలీసులను సొంతంగా పెట్టుకుంది. విద్యార్థులకూ ఊరివాళ్లకూ మధ్య గొడవలు అంతగా ముదిరాయి మరి. కాపలా అయితే పెరిగింది గానీ, లోపల ఏం జరుగుతోందో బయటికి చెప్పే అలవాటు మాత్రం రాలేదు. పేరు పోతుందన్న భయంతో గోడల మధ్య జరిగింది గోడల మధ్యే సర్దుకునేవారు.

ఆ మౌనమే జీన్ తల్లిదండ్రులైన క్లేరీ దంపతుల గుండెను ఎక్కువగా కోసింది. జీన్ అన్నలు టులేన్ యూనివర్సిటీలో చదివారు. అక్కడ ఒక విద్యార్థిని హత్యకు గురైందని తెలిసి, కూతురికి ప్రశాంతమైన చోటు కావాలని ఏరికోరి లీహైని ఎంచుకున్నారు. ఈ క్యాంపస్ నేరాల లెక్కలు ఎవరైనా ముందే వాళ్ల ముందు పెట్టి ఉంటే? యూనివర్సిటీపై కోర్టుకెక్కారు, రాజీలో వచ్చిన డబ్బును క్యాంపస్ నేరాలను బయటపెట్టాలన్న ఉద్యమానికే పెట్టారు. 1988లో పెన్సిల్వేనియా రాష్ట్రానికీ, 1990లో దేశం మొత్తానికీ చట్టాలు వచ్చాయి. 1998లో ఆ దేశవ్యాప్త చట్టానికి జీన్ క్లేరీ పేరు పెట్టారు.

చట్టం అడిగేది సూటి విషయం: దాచొద్దు. ప్రభుత్వ ఆర్థిక సాయం అందుకునే ప్రతి కాలేజీ ఏటా అక్టోబరు 1లోగా మూడేళ్ల నేరాల లెక్క ప్రకటించాలి. రోజువారీ నేరాల చిట్టా ఎవరడిగినా చూపాలి. ముప్పు ఉంటే వెంటనే హెచ్చరించాలి.

ఆ 'వెంటనే' దగ్గరే వర్జీనియా టెక్ యూనివర్సిటీ తడబడింది. 2007 ఏప్రిల్ 16 ఉదయం ఏడుంపావు ప్రాంతంలో ఒక హాస్టల్లో ఇద్దరిని కాల్చారు. విద్యార్థులకు ఈమెయిల్ వెళ్లింది 9:26కి. కొద్ది నిమిషాల్లోనే హంతకుడు తరగతి గదుల్లోకి చొరబడ్డాడు. మొత్తం 32 మంది పోయారు. యూనివర్సిటీకి చివరికి పడిన జరిమానా 32,500 డాలర్లు. ఒక్కో ప్రాణానికి వెయ్యి డాలర్ల పైచిలుకు! ఇది మనసు ఒప్పుకునే లెక్క కాదు. 2008 సవరణ అత్యవసర హెచ్చరికల నిబంధనలను బిగించింది. జరిమానాలూ పెరిగాయి: 2024లో లిబర్టీ యూనివర్సిటీకి కోటీ నలభై లక్షల డాలర్లు పడింది.

అదే 2007 డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ అపార్ట్‌మెంట్లో ఆంధ్రప్రదేశ్ నుంచి పీహెచ్‌డీకి వెళ్లిన ఇద్దరు విద్యార్థులు తుపాకీకి బలయ్యారు. ఆ వార్తతో ఇక్కడ ఎన్నో ఇళ్లలో నిద్ర పట్టలేదు.

క్లేరీ చట్టానికి 2024 డిసెంబరులో వచ్చిన సవరణ హేజింగ్‌ను, అంటే మన ర్యాగింగ్‌ను, కాలేజీలు ప్రకటించాల్సిన లెక్కల్లో చేర్చింది. ర్యాగింగ్‌పై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ప్రత్యేక చట్టం చేసింది.

ఇప్పుడు పిల్లల్ని అమెరికా పంపే మనవాళ్లు ర్యాంకు చూస్తారు, ఫీజు చూస్తారు, వీసా తేదీ కోసం తెల్లవార్లూ మేలుకుంటారు. యూనివర్సిటీ వెబ్‌సైట్లోనే ఉండే భద్రతా నివేదికను తెరిచేవాళ్లు అరుదు. తప్పక తెరవాలి. తెరిచాక ఇంకొకటి గమనించాలి: ఆ లెక్క క్యాంపస్‌కు, దాన్ని ఆనుకున్న రోడ్లకు, యూనివర్సిటీ చేతిలో ఉన్న భవనాలకు మాత్రమే. అద్దె కలిసొస్తుందని నలుగురు కలిసి క్యాంపస్ బయట తీసుకునే ప్రైవేటు అపార్ట్‌మెంటు అందులో ఉండదు. ఎమ్మెస్‌కి వెళ్లిన మన పిల్లల్లో చాలామంది రాత్రి లైబ్రరీ నుంచి తిరిగి వెళ్లేది అలాంటి అపార్ట్‌మెంటుకే.