ఘంటసాల ప్రదర్శనశాల: విద్యార్థుల సందర్శనము

పామర్రునకు దక్షిణమున, కూచిపూడికి ఆవల నున్న ఘంటసాల గ్రామమున, క్రీస్తుశకము 2వ శతాబ్దిలో టాలెమీ పేర్కొనిన ప్రాచీన వర్తకస్థానపు అవశేషములును, ఇటుకల మహాస్తూపమును, శిల్పములను భద్రపరచిన ప్రదర్శనశాలయు కలవు. స్తూపమును అలెగ్జాండర్ రీ త్రవ్వించి 1894లో వెలువడిన గ్రంథమున వర్ణించెను. బోధిసిరి యను ఉపాసిక ఇచ్చటి మహాచైత్యపు తూర్పువాకిట శిలామండపము కట్టించెనని నాగార్జునకొండ శాసనము చెప్పుచున్నది. ఘంటసాల శిల్పములు కొన్ని పారిస్ నగరమందలి గీమే ప్రదర్శనశాలకు చేరినవి. ఇది మనకు కొఱతయే.

విద్యార్థులకు ఇచ్చట చేతిపని పుష్కలము. శిల్పములను తాకరాదు గాని, వాని యెదుట కూర్చుండి పద్మపు రేకులను, వస్త్రపు మడతలను గీయవచ్చును. స్తూపము చుట్టును నడచి, అడుగులతో పరిధిని కొలిచి, వ్యాసమును గణించి, బండిచక్రపు ఆకులవలె నడిమినుండి వెలువడిన లోగోడలతో రీ కనుగొనిన నిర్మాణమును కాగితముపై నిలుపవచ్చును. కొండగుట్టలు లేని ఈ ఒండ్రునేలకు సున్నపురాయి ఎట్లు వచ్చెనని ప్రశ్నించిన బాలునకు, పూర్వపు రవాణాయు శిల్పుల శ్రమయు తామే బోధపడును. ఇంతకంటె మేలైన చరిత్రపాఠము తరగతిగదిలో దుర్లభము. ఉపాధ్యాయులు ముందుగా కృష్ణాతీరపు పటమును పిల్లలచేతనే గీయించి, దానిని వెంటగొని రావలెనని మనవి.