ఇంజనుకు పోయవలసిన నీరు

నేను లింగంపల్లి రైలు స్టేషనునకు సమీపమున నివసించువాడను. మా యూరి మీదుగా సికింద్రాబాదు నుండి వాడికి పోవు ఇనుపదారి 1874వ సంవత్సరమున తెఱవబడినది. నాటి పొగబండికి ప్రాణాధారములు రెండు: బొగ్గును, నీరును. బొగ్గు సంగతి అందఱును చెప్పుకొందురు గాని నీటి సంగతి చెప్పుకొనువా రరుదు. సున్నము కలిసిన నీరు బాయిలరులో కాగినచో లోపల పెచ్చు కట్టును. పెచ్చు మందమైన కొలది నిప్పుల వేడి నీటికి చేరక ఇనుమునే కాల్చును. అందుచేత పొగబండ్లు నడపువారు నీటిని పరీక్షించి, శుద్ధిచేసి పోయుట నేర్చుకొనిరి. ఆ పాఠమునే మోటారు బండ్లవారు మఱల నేర్వవలసి వచ్చినది. ఆ కథయే నేటి నా ప్రసంగము.

జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో తన మోటారు బండికి పేటెంటు పొందెను. ఆ బండి ఇంజనును చల్లార్చు నీరు కాగి ఆవిరియై పోవుచుండుటచే మాటిమాటికి నీరు పోయవలసి యుండెడిది. 1900 ప్రాంతమున విల్‌హెల్మ్ మైబాక్ అను ఇంజనీరు తేనెపట్టు వంటి రేడియేటరును నిర్మించెను. అందులో నీరు సన్నని దారుల వెంట పాఱి, గాలికి చల్లారి, మఱల ఇంజనుకు చేరును. ఒకసారి పోసిన నీరు చాల దూరమునకు చాలెను.

కాని చలిదేశములలో వేఱొక చిక్కు కలిగెను. నీరు గడ్డకట్టునప్పుడు నూటికి సుమారు 9 పాళ్లు ఉబ్బును. ఆ యుబ్బునకు ఇనుప దిమ్మయు పగులును. అచ్చటివారు నీటిలో మద్యసారము, గ్లిసరిను, ఉప్పు, తుదకు తేనెయు కలిపి చూచిరి. మద్యసారము ఆవిరియైపోయెను, ఉప్పు లోహమును తినివేసెను. 1850లలో ఫ్రాన్సు దేశపు ఉర్ట్స్ పండితుడు తయారుచేసిన ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవము 1920లలో ఈ పనికి విపణిలోనికి వచ్చినది. దానిని నీటితో సరిపాళ్లుగా కలిపినచో సున్నకు దిగువ 35 డిగ్రీల చలిలో కూడ గడ్డకట్టదు. అందువలన దానికి యాంటీఫ్రీజు, అనగా గడ్డకట్టనీయనిది, అను పేరు వచ్చినది.

ఈ పేరే మనలను మోసపుచ్చినది. హైదరాబాదులో 1946 జనవరిలో నమోదైన మిక్కిలి చలియు 6.1 డిగ్రీలే. ఇచ్చట నీరు గడ్డకట్టుట యెక్కడిది? నిజాం రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిన నాటి నుండియు మన సీమలో మోటారు అనగానే చెఱువు నీరో, బావి నీరో పోసెడి వాడుక స్థిరపడినది.

నేనును అట్లే చేసితిని. నా పాత కారునకు మూడేండ్లు మా బోరు నీరే పోసితిని. ఆ నీటితో పప్పుడుకదని ఇంటివారు చెప్పుచునే యుండిరి, వినలేదు. ఒక వేసవిలో సంగారెడ్డికి పోవుచుండగా పటాన్‌చెరు దాటిన పిమ్మట బండి ఆవిరి గ్రక్కినది. తొందరపడి రేడియేటరు మూత త్రిప్పితిని. కాగిన నీరు ఎగజిమ్మి, ప్రక్కన నిలిచిన నా మేనల్లుని ముంజేయి కాలినది. తరువాత మెకానిక్కు విప్పి చూపగా రేడియేటరు గొట్టములు సున్నముతోను తుప్పుతోను పూడియుండెను. ఇంజనుకైన ఖర్చు మఱచితిని గాని ఆ బాలుని చేతి మచ్చను మఱువలేదు.

మన శత్రువు మంచు కాదు. ఎండయు, సున్నమును, తుప్పును. కూలెంటు అని నేడు మన మనెడి మిశ్రమము ఈ మూటికిని మందు. అది 100 డిగ్రీలకు మరుగదు. బిగించిన మూత లోపలి ఒత్తిడిని నిలుపుటచే 120 దాటినను మరుగదు. అందలి మందులు తుప్పును ఆపును. అయినను గ్లైకాల్ ఎక్కువైన కొలది మేలని తలపరాదు. వేడిని మోయుటలో నీరే మిన్న. కనుక సగము గ్లైకాల్, సగము డిస్టిల్డ్ వాటరు కలుపుట మంచి కొలత. కలిపియే అమ్మెడి దానిలో మఱల నీరు పోయరాదు.

మీ గ్రామములందలి ట్రాక్టర్లకును ఈ మాటలే వర్తించును. ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే మూత తీయుడు. పాత నీటిని దింపి, మంచినీటితో కడిగి, బండి పుస్తకములో చెప్పిన రకమునే పోయుడు, రంగును నమ్మవద్దు. తుప్పును ఆపు మందులు కాలక్రమమున క్షీణించును గనుక పుస్తకము చెప్పిన గడువుకు మార్చుడు. మట్టము తఱచు తగ్గుచున్నచో ఎక్కడనో కారుచున్నదని యెఱుగుడు.

ఇంకొక్క మాట. గ్లైకాల్ తియ్యగా నుండును గాని విషము. కొద్దిపాటి త్రాగినను కుక్కలును, పసిబిడ్డలును మరణింపవచ్చును. దింపిన దానిని కాలువలో గాని, పశువులు త్రాగు గుంటలో గాని పోయవద్దు. త్రాగునీటి సీసాలలో దాచవద్దు. ఎవరైన త్రాగినచో క్షణమైన ఆలసింపక ఆసుపత్రికి చేర్పుడు.

పప్పుడుకని నీరు ఇంజనుకును తగదని మన యిండ్లలోని ఆడువారి నడిగినను చెప్పియుందురు. వారి మాట విననందుననే నాకీ పాఠము ఆలస్యముగా తెలిసినది. మీకట్లు కాకుండుగాక యని కోరి విరమించుచున్నాను.